అయిదు చీరలిచ్చాను, ఒక్క పర్సు వచ్చింది: వైజాగ్‌లో పాత చీరలతో పర్సులు చేయించుకునేవాళ్లు జాగ్రత్త

వైజాగ్‌లో ఎవరైనా ఇంట్లో ఉన్న పాత చీరలిచ్చి క్విల్టెడ్ పర్సులు (బొంతలా పొరలు కలిపి కుట్టినవి) చేయించుకుందాం అనుకుంటుంటే, ఇది చదివి అప్పుడు ఇవ్వండి. నేను కట్టిన డబ్బు తిరిగొచ్చింది. చీరలు రాలేదు, ఇక రావు కూడా.

మా అమ్మ పోయి మొన్ననే ఏడాది అయింది. బీరువాలో ఆవిడ నేత చీరలు అలాగే ఉన్నాయి. కట్టుకుందామంటే ఏడుపొస్తుంది, ఎవరికైనా ఇద్దామంటే మనసొప్పదు. సంవత్సరీకానికి అక్క, వదిన, పిన్ని, మేనకోడళ్లు అందరూ వస్తారు కదా, ఆ చీరలతో చిన్న పర్సులు కుట్టించి తలా ఒకటి ఇద్దామనుకున్నాను. నాతో కలిపి మొత్తం 7. మా పెద్దత్త "పోయినవాళ్ల చీరలకి కత్తెర పెట్టకూడదే" అంది. ఆ మాట వినుంటే బాగుండేదని ఆవిడ ముందు మాత్రం ఒప్పుకోను.

బీచ్ రోడ్డు వైపు ఒక ఎగ్జిబిషన్‌లో వీళ్ల స్టాలు కనిపించింది. పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. శాంపిల్స్ మాత్రం నిజంగా బాగున్నాయి. మన అమ్మమ్మలు పాత చీరలు పొరలుగా పరిచి బొంత కుట్టేవారు చూడండి, అదే పద్ధతి. పైన ముక్కలు అతికిన బట్ట, మధ్యలో పల్చటి దూది పొర, లోపల లైనింగ్, మూడింటినీ పట్టి ఉంచేలా చేతికుట్టు. కుట్టు అక్కడక్కడా కొంచెం వంకర పోయింది. ఆ వంకర చూసే నమ్మాను. "మీ చీరలతోనే చేసిస్తాం మేడమ్, పేలిక కూడా పారెయ్యం" అంది అక్కడి అమ్మాయి. పర్సు 650 చొప్పున 4,550 రూపాయలు. 3,000 అడ్వాన్సు అక్కడికక్కడే ఫోన్‌లో కొట్టాను.

ఇచ్చిన చీరలు చెప్తాను, ఎందుకంటే తర్వాత కథంతా వాటితోనే ఉంది. మంగళగిరి రెండు, వెంకటగిరి ఒకటి, పెడన కలంకారీ ఒకటి, పొందూరు ఖాదీ ఒకటి. పొందూరుది అమ్మ శ్రీకాకుళంలో ఉద్యోగం చేసేటప్పుడు కొనుక్కుంది. వాలుగ చేప దవడతో దూది దువ్వి తీసిన నూలు అని చెప్పి మా చిన్నప్పుడు ఆ చీర ముట్టుకోనిచ్చేది కాదు. మంగళగిరిలో ఆకుపచ్చది పమిట దగ్గర గేటుకి తగులుకుని చిరిగితే, పచ్చ దారం అయిపోయిందని నీలం దారంతో కుట్టేసింది. అంగుళం కూడా ఉండదు ఆ కుట్టు. ఆ ముక్క నా పర్సు మీద పైకి కనపడాలని ఆ అమ్మాయికి రెండుసార్లు చెప్పాను.

ఇప్పుడు నా తెలివితక్కువతనం వినండి. చీర 5.5 మీటర్లు, అంటే సుమారు 216 అంగుళాల పొడవు, 45 అంగుళాల పన్నా. 9 అంగుళాల పొడవు, 6 అంగుళాల ఎత్తు పర్సుకి రెండు వైపులా కలిపి 108 చదరపు అంగుళాలు. మూత, అతుకుల్లో పోయేది, తరుగు అన్నీ కలిపి 250 వేసుకోండి. ఒక్క చీరలోనే తక్కువలో తక్కువ పాతిక పర్సులు వస్తాయి. నాకు కావలసినవి 7. మరి అయిదు చీరలు ఎందుకు అడిగినట్టు? "ఎక్కువ రంగులుంటే డిజైన్ బాగా పడుతుంది మేడమ్" అన్నారు, తలూపాను. ప్రతి చీరలో అర మీటరు కోసి ఇచ్చినా రంగులన్నీ వచ్చేవి. ఈ లెక్క ఇంటికొచ్చాక కూడా తట్టలేదు, అంతా అయ్యాక తట్టింది.

మూడు వారాలన్నది పది వారాలైంది. వర్షాలకి బట్ట ఆరట్లేదన్నారు, కుట్టే ఆవిడకి ఒంట్లో బాలేదన్నారు. మిగతా 1,550 వేస్తేనే పంపుతామన్నారు, వేశాను. సంవత్సరీకం ముందు రోజు సాయంత్రం కొరియర్ వచ్చింది.

పైపైన చూస్తే అన్నీ ఉన్నాయి. ఆకుపచ్చ, మెరూన్, కలంకారీ పువ్వులు, అతుకుల డిజైను. నేనైతే సంబరపడిపోయాను. మా వదినకి టైలరింగ్ వచ్చు. చేతిలోకి తీసుకుని, రెండు ముక్కలు కలిసే చోట బొటనవేలి గోరుతో అటూ ఇటూ గీసింది. "ఇక్కడ అతుకే లేదు" అంది. నిజంగా అతికిన చోట కింద బట్ట మడత ఉంటుంది, గోరుకి చిన్న గట్టులా తగులుతుంది. మా పర్సు మీద గోరు జర్రున జారిపోయింది. అతుకుల బొమ్మ ప్రింట్ చేసిన కొత్త గుడ్డ అది!

తర్వాత కుట్టు చూశాం. డైమండ్ గళ్లలో చుక్కలు చుక్కలుగా నొక్కుళ్లున్నాయి గానీ దారం లేదు. అల్ట్రాసోనిక్ మెషిన్ మీద వేడితో పొరలు అతికిస్తారట. దారం, సూది అక్కర్లేదు. కాటన్ అలా అతుక్కోదు, పాలిస్టర్ లాంటి సింథటిక్ గుడ్డే కరిగి అతుక్కుంటుంది. అంటే దారం లేని క్విల్టింగ్ కనిపిస్తే అది నూలు నేత చీర అయ్యే వీలే లేదు. అయినా మనసు ఒప్పక, లోపల అంచు నుంచి రెండు పోగులు లాగి గ్యాస్ స్టవ్ దగ్గర పెట్టాను. నూలు పోగైతే కాగితంలా కాలి వేలికి మెత్తటి బూడిద అంటుతుంది. ఇది ముడుచుకుపోయి నల్లటి గట్టి పూస అయింది.

ఏడింటిలో ఒక్కటి మాత్రం అసలైనది. మెరూన్ మంగళగిరి అంచుతో, చేతికుట్టుతో, ఆ స్టాలులో చూసినంత బాగుంది. పైన అది పెట్టి కింద మిగతా ఆరు సర్దారు.

మర్నాడు కార్యక్రమం అయింది, పర్సులు ఎవరికీ ఇవ్వలేదు. వారం తర్వాత రాత్రి పడుకోబోతూ వాళ్ల ఇన్‌స్టా పేజీ చూస్తుంటే కొత్త పోస్టు. 'రీసైకిల్డ్ హ్యాండ్లూమ్ టోట్, 1,800 రూపాయలు.' ఆకుపచ్చ మంగళగిరితో కుట్టిన చేతిసంచి. ఫొటో పెద్దది చేసి చూస్తే, కింద ఎడమ మూల అంగుళం లోపు నీలం కుట్టు.

అప్పుడు అర్థమైంది వ్యాపారం ఏమిటో. మన దగ్గర మంచి నేత చీరలు ఊరికే తీసుకుని, మనకి ప్రింట్ గుడ్డ పర్సులు ఇచ్చి, ఆ చీరలతో చేసిన సంచులు బయట మంచి రేటుకి అమ్ముకుంటారు. ముడిసరుకు మనది, పైగా ఎదురు డబ్బులు కూడా మనవే.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. కొన్నాళ్లకి 4,550 వెనక్కి వేశారు. చీరల గురించి "మొత్తం మీ ఆర్డర్‌లోనే అయిపోయింది" అని ఒక్క లైను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలని ఉంది. 5 లక్షల లోపు విషయానికి ఫీజు లేదు, రెండేళ్లలోపు వెయ్యొచ్చు. పాత బట్టతో చేశామని, పర్యావరణానికి మేలని చెప్పుకునేవాళ్లు దానికి ఆధారం చూపాలని 2024 అక్టోబరులో కేంద్ర మార్గదర్శకాలు కూడా వచ్చాయి. కానీ తెలిసిన లాయరు గారు మొదట అడిగింది: "చీరలు ఇచ్చినట్టు రసీదు ఉందా?" లేదు. డబ్బుకి రసీదు తీసుకున్నాను, చీరలకి తీసుకోవాలని తోచలేదు.

అందుకని ఎవరికి ఇచ్చినా సరే, ఏ చీరలు, ఎన్ని మీటర్లు అని రాయించి సంతకం పెట్టించుకోండి. పమిట, అంచు, మరకలు, చిరుగులు కనపడేలా ఫొటోలు తీసుకోండి. అసలు చీర మొత్తం ఇవ్వకండి, కావలసినంత కోసి ఇవ్వండి, పమిట ఇంట్లోనే ఉంచుకోండి. లైనింగ్ వెయ్యకముందు లోపలి వైపు ఫొటో అడగండి. నిజంగా అతికినదైతే వెనక అతుకులు, దారం కొసలు అన్నీ కనిపిస్తాయి, దాచడానికి వీలు కాదు. నిజాయితీగా చేసేవాళ్లు ఆ ఫొటో సంతోషంగా పంపుతారు, వాళ్లు పడ్డ కష్టమంతా ఆ వెనక వైపే ఉంటుంది. చేతికుట్టు పర్సు ఒక్కోటి రోజుల పని, కాబట్టి 650కి చేసిస్తామంటే ఎలా కిట్టుబాటవుతుందో అడగండి. నేను చవగ్గా దొరికిందని మురిసిపోయాను.

ఈ మధ్య మీరెవరైనా అలాంటి స్టాలులో చీరలిచ్చి ఉంటే, వాళ్ల పేజీలో పాత ఫొటోలు వెనక్కి వెళ్లి చూసుకోండి. మీ చీర కనిపిస్తే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, తర్వాతే మెసేజ్ పెట్టండి. నేను కోపంలో ముందు మెసేజ్ పెట్టాను. తెల్లారేసరికి ఆ ఫొటో లేదు.