నిద్రను లెక్కగట్టే స్మార్ట్ బ్యాండ్: దేన్ని నమ్మాలి, దేన్ని పక్కన పెట్టాలి

మణికట్టుకు పెట్టుకుని పడుకుంటే, తెల్లవారేసరికి ఎంతసేపు నిద్రపోయామో, అందులో గాఢనిద్ర ఎంతో, కలలు వచ్చే నిద్ర ఎంతో లెక్క చూపించే స్మార్ట్ బ్యాండ్‌ను కొన్ని నెలలుగా వాడుతున్నాను. రాత్రి నిద్ర ఎలా సాగిందో తేల్చి చెప్పడానికి ఈ పరికరం చాలదు. కానీ ఆ నిద్రను చెడగొడుతున్న రోజువారీ అలవాట్లను పట్టి ఇవ్వడంలో మాత్రం ఇది బాగా పనికొస్తుంది.

బరువు తక్కువ, పట్టీ మెత్తన. పక్కకు తిరిగి చెయ్యి తల కింద పెట్టుకున్నా ఒరుసుకోదు. లోపలి వైపున్న చిన్న ఆకుపచ్చ లైట్లు రాత్రంతా వెలుగుతూ ఆరుతూ ఉంటాయి కనుక, పట్టీ వదులైతే ఆ వెలుగు చీకటి గదిలో దుప్పటి మీద పడుతుంది. మణికట్టు ఎముకకు కాస్త పైన, కొంచెం బిగువుగా పెట్టుకోవాలి.

చర్మం కింద రక్తప్రవాహంలో వచ్చే హెచ్చుతగ్గులను ఆ వెలుగుతో పసిగట్టి బ్యాండ్ గుండె వేగాన్ని లెక్కిస్తుంది. చేతి కదలికలను గమనించడానికి వేరే సెన్సర్ ఉంది. ఈ రెంటినీ కలిపి నిద్ర దశలను ఊహిస్తుందే తప్ప నేరుగా చూడదు. వాటిని నిర్ధారించాలంటే పాలీసోమ్నోగ్రఫీ పరీక్షలో చేసినట్టు తలకు ఎలక్ట్రోడ్లు అమర్చి మెదడు తరంగాలను, కళ్ల కదలికలను, కండరాల బిగువును నమోదు చేయాలి. అందుకే నిద్ర పట్టక కదలకుండా పడుకున్న సమయాన్ని కూడా బ్యాండ్ తరచూ నిద్ర ఖాతాలోనే వేస్తుంది. వెల్లకిలా పడుకుని పుస్తకం చదివిన సమయాన్ని ‘తేలికపాటి నిద్ర’గా చూపించడం నేను కళ్లారా చూశాను. నిద్రలేమి ఉన్నవారికి మంచం మీద మేలుకుని గడిపే సమయమే అసలు బాధ కాబట్టి, వారి విషయంలో ఇది చిన్న లోపం కాదు.

పొద్దున్నే కనిపించే నిద్ర స్కోరు గురించి నా అభ్యంతరం ఇంకా పెద్దది. హాయిగా లేచిన మనిషి కూడా తక్కువ స్కోరు చూడగానే నీరసం వచ్చినట్టు భావిస్తాడు. అంకెలను మెరుగుపరచుకోవాలన్న ఆరాటమే నిద్రకు అడ్డుపడే ఈ స్థితికి పరిశోధకులు 2017లో ఆర్థోసోమ్నియా అని పేరు పెట్టారు. సెట్టింగ్స్‌లో ఆ స్కోరు నోటిఫికేషన్‌ను ఆపివేయవచ్చు; కొన్నవారు మొదట చేయాల్సిన పని అదేనని నా సలహా.

దీని అసలు విలువ వారపు పట్టికలో ఉంది. ఒక్కో రాత్రికి ఒక్కో నిలువు గీత. పడుకున్న వేళ, లేచిన వేళ ఆ గీత రెండు కొసల్లో కనిపిస్తాయి. సెలవు రోజున రెండు గంటలు ఆలస్యంగా లేస్తే, ఆ రాత్రి గీత ఎంత ఆలస్యంగా మొదలైందో పక్కనే తెలుస్తుంది. మెదడులోని జీవగడియారం ఉదయపు వెలుగును బట్టి వేళ సరిచేసుకుంటుంది. పైగా నిద్ర ముంచుకొచ్చేలా చేసే అడెనొసిన్ అనే రసాయనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో పోగవుతుంది కాబట్టి, ఆలస్యంగా లేచిన రోజున రాత్రి వేళకు అది చాలినంత చేరదు. పడుకునే వేళ కంటే లేచే వేళను స్థిరంగా ఉంచుకోవడం ఎందుకు ముఖ్యమో ఈ పట్టిక చూస్తే ఇట్టే అర్థమవుతుంది. పక్కవారిని లేపకుండా మణికట్టు దగ్గరే కంపించే అలారం కూడా అందుకు తోడ్పడుతుంది.

గుండె వేగం గ్రాఫ్ కూడా చూడదగినదే. మద్యం తాగిన రాత్రి, పడుకునే ముందు కడుపు నిండా తిన్న రాత్రి ఆ గీత త్వరగా కిందికి దిగదు. కాఫీ సంగతి మాత్రం బ్యాండ్‌కు దానంతట తెలియదు, యాప్‌లో మనమే రాసుకోవాలి. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది; పడుకోవడానికి 6 గంటల ముందు తీసుకున్న 400 మిల్లీగ్రాముల కెఫీన్ కూడా నిద్రను గంటకు పైగా తగ్గించినట్టు 2013లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. కాబట్టి సాయంత్రపు కప్పును రాసుకునే శ్రమ వృథా కాదు.

తయారీదారులు సరిదిద్దవలసిన లోపం ఒకటుంది. ఏ వివరం చూడాలన్నా ఫోను తెరవాలి. ‘పడుకునే వేళయింది’ అని గుర్తుచేసే సందేశం కూడా ఫోనులోనే, మిగతా సందేశాల మధ్య వస్తుంది. నిద్ర కోసం కొన్న వస్తువు ఫోనును మంచం దాకా రప్పించడం నాకు ఏమాత్రం నచ్చలేదు. అదృష్టవశాత్తు రాత్రి వివరాలను బ్యాండ్ తనలోనే దాచుకుంటుంది కనుక, ఫోనును వేరే గదిలో చార్జింగ్‌కు పెట్టి మర్నాడు చూసుకోవచ్చు.

గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవారు, పగలు కునికిపాట్లు పడేవారు రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో ఈ బ్యాండ్ చూపే అంకెను చూసి ధైర్యం తెచ్చుకోకుండా వైద్యుణ్ణి కలవాలి. వారానికి 3 రాత్రులకు తగ్గకుండా, 3 నెలలకు పైగా నిద్ర పట్టనివారికి నేను దీన్ని సూచించను. అలాంటివారికి మందుల కంటే ముందు నిద్రలేమికి ప్రత్యేకించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (నిద్రకు అడ్డుపడే ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స) ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో సిఫారసు చేసింది. ఆ చికిత్సలో వాడే నిద్ర డైరీకి ఒక కాగితం, ఒక కలం చాలు.