స్లీవా, బైపాసా? తర్వాతి పదేళ్లు చూసి తేల్చుకోండి

కర్నూలులో నేను జనరల్ ఫిజీషియన్‌ని. బరువు తగ్గించే ఆపరేషన్లు చేసేది నేను కాదు. అయినా నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ‘డాక్టర్ గారూ, స్లీవ్ మేలా, బైపాస్ మేలా?’ పరీక్షల ఫైలు పట్టుకుని వచ్చేవాళ్లు కొందరైతే, పెళ్లిలో భోజనాల దగ్గర పక్కకు పిలిచి అడిగేవాళ్లు ఇంకొందరు. ఈ ఆపరేషన్ కోసం మా వైపు వాళ్లు ఎక్కువగా హైదరాబాదు వెళ్తారు. అనంతపురం వాళ్లు బెంగళూరుకు, కడప వాళ్లు తిరుపతికో చెన్నైకో వెళ్తారు. నాలుగైదు రోజుల్లో ఇంటికి వచ్చేస్తారు. ఆ తర్వాత వచ్చే నీరసం, వాంతులు, కడుపునొప్పి చూడాల్సింది ఇక్కడున్న మేమే. అందుకే ఏది మేలని ఎవరు అడిగినా నేను ముందుగా ఆలోచించేది ఆపరేషన్ అయ్యాక గడిచే ఏళ్ల గురించి.

స్లీవ్‌లో జీర్ణాశయాన్ని ముప్పావు వంతుకు పైగా కోసి తీసేస్తారనీ, బైపాస్‌లో పైభాగాన్ని చిన్న సంచిగా విడదీసి చిన్నపేగుకు కలుపుతారనీ ఇది చదివేవారికి తెలిసే ఉంటుంది. కాబట్టి నేరుగా బరువు దగ్గరికి వద్దాం. ఫిన్లాండ్‌లో 240 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు స్లీవ్, ఇంకో జట్టుకు బైపాస్ చేసి, పదేళ్లు గమనించారు. ‘స్లీవ్‌పాస్’ అనే ఈ అధ్యయనం పదేళ్ల ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఉన్న బరువులో స్లీవ్ వాళ్లు 43.5 శాతం, బైపాస్ వాళ్లు 50.7 శాతం తగ్గి ఉన్నారు. 70 కిలోలు ఉండాల్సిన మనిషి 110 ఉన్నారనుకోండి. పదేళ్ల తర్వాత చూస్తే స్లీవ్‌తో 17 కిలోలు, బైపాస్‌తో 20 కిలోలు తగ్గినట్టు లెక్క. మొదటి ఒకటి రెండేళ్లలో ఇంతకన్నా చాలా తగ్గి, తర్వాత కొంత తిరిగి రావడం రెండింటిలోనూ ఉంది. బైపాస్‌దే పైచేయి, నిజమే. అయితే ఆ మూడు కిలోల కోసమే బైపాస్ ఎంచుకోమని నేను ఎవరికీ చెప్పను.

షుగర్ విషయంలోనూ బైపాస్‌కే పేరు ఎక్కువ. అదే అధ్యయనంలో పదేళ్ల తర్వాత మధుమేహం వెనక్కి తగ్గి ఉన్నవాళ్లు స్లీవ్‌లో 26 శాతం, బైపాస్‌లో 33 శాతం. గణాంకాల ప్రకారం అది గట్టి తేడా కాదు. షుగర్ వచ్చి ఎన్నేళ్లయింది, ఇన్సులిన్ దాకా వెళ్లారా అన్నదాని ప్రభావం పెద్దది. పదిహేనేళ్లుగా ఇన్సులిన్ వేసుకుంటున్న వారికి ఏ ఆపరేషన్ చేసినా షుగర్ మాయమవుతుందని మాట ఇవ్వలేం.

స్లీవ్‌కు గట్టిగా అడ్డం పడేది ఒక్కటే, ఛాతీలో మంట. కోయగా మిగిలిన జీర్ణాశయం సన్నని గొట్టంలా ఉండటంతో లోపల ఒత్తిడి పెరిగి ఆమ్లం పైకి తన్నుతుంది. ఫిన్లాండ్ వాళ్లలో అన్నవాహిక ఒరిసిపోయినవారు స్లీవ్ జట్టులో 31 శాతం, బైపాస్ జట్టులో 7 శాతం. ఇక్కడ తేడా చిన్నది కాదు. ఉగ్గానితో మిరపకాయ బజ్జీలు తింటే ఎవరికైనా మంట ఉంటుందిలే అని మనవాళ్లు దీన్ని రోగంగానే లెక్కపెట్టరు. అడిగితే ‘మంటేమీ లేదు’ అంటారు, జేబులో మాత్రం గ్యాస్ మాత్రల పట్టీ ఉంటుంది. అందుకే ఎండోస్కోపీ చేయించకుండా స్లీవ్‌కు ఒప్పుకోవద్దు. రాత్రి పడుకుంటే పులితేన్పులు గొంతులోకి వచ్చేవారికి, పెద్ద హయాటస్ హెర్నియా (జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జరగడం) ఉన్నవారికి బైపాసే సరైనది. అన్నవాహిక లోపలి పొర మారిపోయి ‘బారెట్స్’ అని రిపోర్టులో రాసి ఉంటే స్లీవ్ ఆలోచనే మానుకోవాలి.

మంట లేనివారి సంగతేమిటి? అక్కడే నేను తర్వాతి జీవితాన్ని లెక్కలోకి తీసుకుంటాను. బైపాస్‌లో ఆహారం చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండా వెళ్లిపోతుంది. ఇనుము, కాల్షియం ఎక్కువగా ఒంటికి పట్టేది అక్కడే. బి12 పట్టడానికి జీర్ణాశయం నుంచి అందాల్సిన సాయమూ తగ్గిపోతుంది. అందుకే బి12, ఇనుము, కాల్షియం, డి విటమిన్ బతికినంత కాలం వేసుకోవాలి. ఏటా రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇనుము మాత్రకూ కాల్షియం మాత్రకూ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. స్లీవ్ చేయించుకున్నా మాత్రలు తప్పవు. కానీ పేగు దారి మారదు కాబట్టి మధ్యలో కొన్నాళ్లు అశ్రద్ధ జరిగితే శరీరం కొంత ఓర్చుకుంటుంది. బైపాస్ అంతగా ఓర్చుకోదు.

డోన్ వైపు నుంచి ఒకామె వచ్చారు. బైపాస్ చేయించుకుని చక్కగా తగ్గారు, పాత జాకెట్లన్నీ కుట్టు వేయించుకున్నానని సంబరంగా చెప్పారు. మెట్లు ఎక్కితే మాత్రం ఆయాసం. నాలుక చాపమంటే నున్నగా, ఎర్రగా ఉంది. గోళ్లు మధ్యలో గుంటపడి ఉన్నాయి. మాత్రలు వేసుకుంటున్నారా అంటే, ‘సన్నబడ్డాను కదా సార్, ఇంకా మందులెందుకని మానేశాను’ అన్నారు. పరీక్ష చేయిస్తే ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటి ఉన్నాయి. సెలైన్‌తో పాటు ఇనుము ఎక్కించాల్సి వచ్చింది. ఆపరేషన్‌లో ఏ లోపమూ లేదు. ఆ తర్వాత ఆమెను ఎవరూ వెంటబడి చూసుకోలేదు, అంతే. మన రాష్ట్రంలో పిల్లల్ని కనే వయసు ఆడవారిలో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అలాంటి ఒంటికి ఇనుము పట్టే దారి మూసేసే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

నన్ను ఇంకా ఎక్కువ భయపెట్టేది నొప్పుల మందు. బరువున్నవారికి మోకాళ్ల నొప్పులు మామూలే. పల్లెలో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే డైక్లోఫెనాక్ సూది వేస్తారు, నాలుగు మాత్రలు పొట్లం కట్టి ఇస్తారు. బైపాస్ అయినవారికి ఆ మందుతో సంచినీ పేగునూ కలిపిన చోట పుండు పడుతుంది. దాని నుంచి రక్తం కారవచ్చు, చిల్లు కూడా పడవచ్చు. బీడీ, సిగరెట్ తాగేవారికీ అదే ముప్పు. కాబట్టి బైపాస్ చేయించుకుంటే, ‘నాకు గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది. పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మందు ఇవ్వవద్దు’ అని తెలుగులో ఒక చీటీ రాయించుకుని ఆధార్ కార్డుతో పాటు జేబులో ఉంచుకోండి. బీడీ మానలేనివారు బైపాస్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

తిండి అలవాటు మాత్రం ఏ ఆపరేషన్‌కైనా మారాల్సిందే. మనం సంకటి ముద్దను పులుసులో అద్ది, నమలకుండా మింగుతాం. ఆపరేషన్ తర్వాత అలా మింగిన ముద్ద దిగదు. రొమ్ము మీద బరువు పెట్టినట్టయి వాంతి అవుతుంది. అందుకని తొలి నెలల్లో సంకటి పక్కనపెట్టి రాగి జావ, పలుచని పప్పు, గుడ్డు, మజ్జిగతో మొదలుపెట్టాలి. గట్టి తిండిలోకి వచ్చాక ప్రతి ముద్దనూ మెత్తగా నమలాలి. వాంతులు వారం పది రోజులు ఆగకపోతే బి1 విటమిన్ తరిగిపోయి నరాలు, మెదడు దెబ్బతినవచ్చు. అలాంటి మనిషికి బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ప్రమాదం ముదురుతుంది. ఏ చిన్న ఆసుపత్రికి వెళ్లినా నీరసమనగానే గ్లూకోజ్ సీసా తగిలిస్తారు కనుక, ఆపరేషన్ సంగతి, వాంతుల సంగతి ముందే చెప్పండి.

వీటన్నిటి వల్ల నా మొగ్గు స్లీవ్ వైపే, ఎండోస్కోపీ శుభ్రంగా ఉంటే. కోసిన జీర్ణాశయం మళ్లీ రాదన్నది నిజమే. కానీ తర్వాత మంట భరించలేకపోతే స్లీవ్‌ను బైపాస్‌గా మార్చే దారి ఉంటుంది. బైపాస్‌లో వదిలేసిన జీర్ణాశయంలోకి మామూలు ఎండోస్కోపీ వెళ్లదు. వేగంగా బరువు తగ్గేవారికి పిత్తాశయంలో రాళ్లు రావడం ఎక్కువ. అవి పిత్తనాళంలోకి జారితే, బైపాస్ అయినవారికి నోటి గుండా తీయడం చాలా కష్టం. ఇంట్లో మాత్రలు గుర్తుచేసే మనిషి ఉండి, ఏడాదికోసారి ఆపరేషన్ చేసిన ఊరికి వెళ్లగలిగితే, ఛాతీ మంట కూడా ఉంటే, బైపాస్‌కే నిశ్చింతగా వెళ్లండి.

మినీ బైపాస్ మన దేశంలో బాగానే చేస్తున్నారు. మామూలు బైపాస్‌లో రెండు చోట్ల కలపాలి, ఇందులో ఒకే కలుపు కాబట్టి ఆపరేషన్ తేలిక. కానీ దాటవేసే పేగు పొడవు ఎక్కువ, పైత్యరసం వెనక్కి తన్నే అవకాశమూ ఉంది. బైపాస్ మీద నేను చెప్పిన అభ్యంతరాలు దీనికి ఇంకా బలంగా వర్తిస్తాయి. జీర్ణాశయంలో పెట్టే బెలూన్‌ను సాధారణంగా ఆరు నెలలకు తీసేస్తారు, ఆ తర్వాత బరువు తిరిగి వస్తుంది. జీర్ణాశయం పైభాగం చుట్టూ బిగించే బ్యాండ్ కాలం చెల్లింది. 2025 మార్చిలో మన దేశానికి వచ్చిన మౌంజారో లాంటి ఇంజెక్షన్లు పనిచేస్తాయి, కానీ మానేస్తే బరువు మళ్లీ పెరుగుతుంది. వాటి గురించి విడిగా రాయాలి.

డబ్బు దగ్గర ఒక చిక్కుంది. 2022 నాటి అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు ఆసియా వాసులకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చెప్పే లెక్క) 27.5 దాటితే చాలు, ఆపరేషన్ ఆలోచించవచ్చంటాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన బీమా షరతుల్లో మాత్రం బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి అదుపులేని షుగర్, గుండెజబ్బు, తీవ్రమైన నిద్ర శ్వాస ఆటంకం లాంటిది ఏదైనా తోడవ్వాలి. డాక్టరు సరేనన్నంత మాత్రాన బీమా కంపెనీ కూడా సరేనంటుందని అనుకోకండి. రాతపూర్వకంగా అనుమతి వచ్చాకే తేదీ అడగండి. ఆ లోపు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బి12, డి విటమిన్ పరీక్షలు ఇక్కడే చేయించుకుని, తక్కువ ఉన్నవి సరిచేసుకోండి. పిల్లలు కావాలనుకునే ఆడవారు ఏ ఆపరేషన్ తర్వాతైనా ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. ఆ సంగతి ఇంటివాళ్లతో, ముఖ్యంగా అత్తగారితో, ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోండి.