పాత బక్ 119 మేలా, కొత్తదా? చెన్నై ఉక్కపోతలో రెండూ వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను, బక్ 119 అనే ఈ అమెరికా వేట చాకుని వాడుకోవడానికైతే కొత్తదే కొనండి. పాతవాటిలో వాడిన 440సీ రకం ఉక్కు ముందు ఇప్పటివి దిగదుడుపే అని ఎవరో అన్నారని, 1970ల నాటి కత్తి కోసం సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువ డబ్బు పోసే ముందు, ఆ ఉక్కు గొప్పతనం ఏ పనిలో అక్కరకొస్తుందో, ఏ పనిలో తలనొప్పి అవుతుందో కాస్త చూసుకోండి. నా దగ్గర రెండూ ఉన్నాయి. పాతది మా మామయ్య అమెరికాలో ఉద్యోగం మానేసి వచ్చేటప్పుడు తెచ్చుకున్నది, పెరంబూరులో ఆయన బీరువా లోంచి నా చేతికొచ్చింది. కొత్తది ఈమధ్య ఫ్రెండ్ చేత తెప్పించుకున్నాను. రెండూ ఇప్పుడు ఒకే వంటింట్లో, ఒకే సముద్రపు గాలిలో, ఒకే సానరాయి మీద నలుగుతున్నాయి కాబట్టి పోల్చడం తేలికైంది.

బక్ 119 స్పెషల్ పేరు వినని వాళ్లకి రెండు ముక్కలు. ఇది మడత పడని చాకు. బ్లేడు ఆరంగుళాలు, పిడితో కలిపి పదిన్నర. మొన దగ్గర వెన్నుని లోపలికి చెక్కినట్టు వంపు ఉంటుంది, బ్లేడు పక్కల పొడుగ్గా ఒక గాడి, ఫినాలిక్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన నల్లటి పిడి, పిడికి ముందు వేళ్లు జారకుండా అల్యూమినియం అడ్డు, వెనక అల్యూమినియం టోపీ. హోయ్ట్ బక్ అనే కమ్మరి కాన్సస్‌లో 1902లో మొదటి కత్తి చేశాడు, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కొడుకు అల్‌తో కలిసి శాన్ డియాగోలో దుకాణం పెట్టాడు, 1949లో ఆయన పోయాక కొడుకు నడిపించాడు. ఆ తర్వాత కంపెనీ పెరిగి ఎల్ కహోన్‌కి, 2005లో అక్కడినుంచి ఐడహో రాష్ట్రంలోని పోస్ట్ ఫాల్స్‌కి మారింది. అందుకని కొందరు కాలిఫోర్నియాలో చేసింది పాతది, ఐడహోలో చేసింది కొత్తది అని లెక్కేస్తారు. కత్తికి ఊరితో ఏం పని? గీత గీయాల్సింది ఉక్కు మారిన చోట.

1981 దాకా 440సీ వాడారు. ఆ తర్వాత పదేళ్ల పైచిలుకు 425ఎం. 1990ల మొదట్లో 420హెచ్‌సీకి మారి, మామూలు 119లో ఇప్పటికీ అదే నడుస్తోంది. చేతిలో ఉన్నది ఏ కాలానిదో తెలియాలంటే అడ్డుకి ఆనుకుని బ్లేడు మీద ఉన్న ముద్ర చూడాలి. 1967కి ముందువాటి మీద ఉత్త బక్ అన్న పేరే ఉంటుంది, తర్వాత యూఎస్ఏ చేరింది, 1970ల మొదట్నించి మోడల్ నంబరు కూడా పడింది, 1986 నుంచి ఏడాదికో చిన్న గుర్తు కొడుతున్నారు. మామయ్య కత్తి మీద ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూస్తే బక్ 119 యూఎస్ఏ అని ఉంది, గుర్తేమీ లేదు. అంటే 1986కి ముందుది. ఆయన తిరిగొచ్చింది 1970ల చివర్లో కాబట్టి 440సీయే. గుర్తు లేనంత మాత్రాన 440సీ అనుకోకండి, మధ్యలో 425ఎం ఉన్న సంవత్సరాలు కూడా అందులోనే కలిసిపోయి ఉంటాయి. అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

ఇక ఉక్కు. 440సీలో కార్బన్ ఒక శాతం చుట్టూ ఉంటుంది, క్రోమియం 16 నుంచి 18 శాతం. 420హెచ్‌సీలో కార్బన్ అర శాతానికి కాస్త తక్కువ, క్రోమియం 13 శాతం చుట్టూ. కాగితం మీద చూస్తే పోటీయే లేదు. కార్బన్, క్రోమియం కలిసి ఉక్కు లోపల కార్బైడ్లనే గట్టి పలుకులు కడతాయి, అవి 440సీలో ఎక్కువ, పెద్దవి కూడా. అట్టపెట్టెలు, కొబ్బరితాడు, తోలు లాంటివి కోసేటప్పుడు పదును అరగకుండా కాపాడేవి అవే. నిజంగానే తేడా తెలుస్తుంది. ఇల్లు మారినప్పుడు అట్టపెట్టెలన్నీ విప్పింది పాత కత్తే, సాయంత్రానికి కూడా కాగితం కోస్తూనే ఉంది. కొత్తది అంత పని చేస్తే మధ్యలో ఒకసారి తోలు మీద నాలుగు రుద్దులు రుద్దాల్సి వస్తుంది.

అయితే ఆ పలుకులే సానపట్టేటప్పుడు మనకి ఎదురు తిరుగుతాయి. బక్ కత్తులు పదును పట్టడం మహా కష్టం అని అమెరికాలో పేరు పడిపోయిందే, అది ఈ 440సీ రోజుల నాటిదే. కంపెనీ ఉక్కు మార్చడానికి ఇదొక కారణం. ఆ ఉక్కు రేకుని కోయడంలో అచ్చులు త్వరగా అరిగిపోవడం ఇంకో కారణం. ఖర్చు మిగుల్చుకోవడానికే నాసిరకం ఉక్కు పెట్టారని తిట్టేవాళ్లు ఉన్నారు, సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, 420హెచ్‌సీని వాళ్లు కాల్చి, చల్లార్చే తీరు చాలా శ్రద్ధగా ఉంటుంది. పాల్ బోస్ అనే వేడి చికిత్స నిపుణుడి పద్ధతి అది, ఆయన పేరు కత్తిప్రియులందరికీ తెలుసు. అదే 420హెచ్‌సీతో వేరే కంపెనీలు చేసే చవక చాకులు వారానికే మొద్దుబారితే, బక్‌ది 58 హెచ్‌ఆర్‌సీ (ఉక్కు గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ లెక్క) గట్టిదనంతో నిలబడుతుంది. ఉక్కు పేరు ఒక్కటే చూసి తీర్పు చెప్పేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే.

చెన్నైలో ఇది ఇంకా ముఖ్యం. ఇక్కడ మామూలు మనిషికి దొరికేది హార్డ్‌వేర్ షాపులో రెండు వైపులా వేరే గరుకు ఉన్న కార్బొరండం రాయి. ఆ సరుకు చేసే కార్బొరండం యూనివర్సల్ మన చెన్నై కంపెనీయే, ఇక్కడి ప్యారీస్ కార్నర్‌లో ఏ షాపులో అడిగినా సానరాయి ఇస్తారు. ఆ రాయి మీద 420హెచ్‌సీ ఓ పది నిమిషాల్లో దారికొస్తుంది. 440సీ కూడా వస్తుంది గానీ, అంచున వచ్చే ఇనుప మీసం ఓ పట్టాన ఊడదు, అటు తిప్పితే ఇటు వాలుతుంది, ఇటు తిప్పితే అటు వాలుతుంది, ఓపిక లేనివాళ్లు అక్కడే వదిలేసి కత్తి బాగాలేదంటారు. మామయ్య ఆ ఓపిక లేక ఓసారి సైకిల్ మీద సానపట్టే ఆయనకిచ్చాడు. నిప్పురవ్వలు బాగానే ఎగిరాయట. ఫలితం ఇప్పటికీ కనిపిస్తుంది: బ్లేడు మధ్యలో నిండుగా ఉండాల్సిన పొట్ట భాగం కొంచెం లోపలికి పోయింది, చపాతీ పీట మీద ఆనిస్తే మధ్యలో సన్నటి వెలుతురు గీత.

అసలు తేడా చాలామంది మాట్లాడనిది, అంచు కోణం. పాతవాటికి అంచు వెనక మందం ఎక్కువ, కోణం కూడా మొద్దుగా ఉండేది. బక్ వాళ్ల ముద్రే చూడండి, సుత్తితో కొట్టి కత్తిని బోల్టులోకి దింపుతున్న బొమ్మ. అంత మొండిగా ఉండాలని చేసిన కత్తికి ఆ మందం సహజమే. 2000 ప్రాంతంలో కంపెనీ ఆ లెక్క మార్చి, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కి చెందిన కాట్రా అనే కత్తుల పరిశోధన సంస్థ వాళ్ల కోత యంత్రం మీద పరీక్షించుకుని, అంచుని పలచగా, ఒక్కో వైపు 13 నుంచి 16 డిగ్రీలకి దింపింది. దీంతో ఏమైందంటే, ఉక్కులో తక్కువైన కొత్త కత్తి కోతలో ముందుకెళ్లిపోయింది. టమాటా, ఉల్లిపాయ, చికెన్ చర్మం, ఏదైనా సరే, కొత్తది తనంతట తాను దిగుతుంది, పాతదాన్ని కాస్త నొక్కాలి. పాతదాన్ని కూడా అదే కోణానికి తెచ్చుకుంటే ఉక్కు గొప్ప అప్పుడు తెలుస్తుంది, కానీ అందుకు డైమండ్ ప్లేటు (వజ్రపు పొడి అతికిన సానపలక), ఒక ఆదివారం, చాలా సహనం కావాలి. కొనేవాళ్లలో ఎంతమంది చేస్తారు?

కాశిమేడు నుంచి వంజరం తెచ్చిన రోజు రెండింటికీ పని పెట్టాను. తల తీయడానికి, నడుం ముల్లు పక్కగా కోసుకెళ్లడానికి ఆరంగుళాల బ్లేడు బాగా కుదురుతుంది, అయితే ఈ చాకు వెన్ను మందం వల్ల ముక్కలు సన్నగా రావు. అక్కడ రెండూ ఒకటే, ఏ చేపలమ్మి చేతి కత్తిపీట ముందైనా రెండూ ఓడిపోతాయి. సముద్రం పక్కనున్న ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు)లో క్యాంపుకెళ్లినప్పుడు ఎండిన సరుగుడు కట్టె మీద చెక్కుళ్లు తీయడానికి పాతదే బాగుంది, మందం అంచు ముడుల దగ్గర కూడా చెదరలేదు. కట్టె మీద పెట్టి వెనకనుంచి ఇంకో దుంగతో బాదే సరదా ఉన్నవాళ్లు మాత్రం రెండింటి జోలికీ వెళ్లొద్దు. పిడి లోపల ఉక్కు పూర్తి వెడల్పున ఉండదు, సన్నటి కమ్మీలా చివరిదాకా వెళ్తుంది. పైన ఫినాలిక్ నున్నగా ఉంటుంది, నూనె చేతులతో, చెమట చేతులతో జారుతుంది. మన మే నెల ఎండలో చెమట పట్టని చెయ్యి ఎక్కడుంది.

తుప్పు సంగతికి వస్తే, 440సీలో క్రోమియం ఎక్కువ కాబట్టి సముద్రం పక్కన అదే మేలని అనిపిస్తుంది. అలా ఏమీ కాదు. అందులో చాలా క్రోమియం కార్బైడ్లలో ఇరుక్కుపోతుంది, తుప్పుని ఆపేది విడిగా మిగిలిన క్రోమియమే. అందువల్ల వాడకంలో రెండూ దాదాపు ఒకే తీరు: కడిగి తుడిచి పెడితే ఏళ్లు ఉంటాయి, తడిగా ఒరలో దూర్చితే రెండూ చెడతాయి. మామయ్య కత్తికి బ్లేడు మొదట్లో, సరిగ్గా ఒర నోరు ఆనే చోట, ఆవగింజల్లా నల్లటి గుంటలు ఉన్నాయి. తోలు ఒరలోనే బీరువాలో పెట్టేయడం వల్ల వచ్చినవే అవి. తోలు తేమ పీలుస్తుంది, వదలదు, ఐప్పసి (తమిళుల అక్టోబరు-నవంబరు నెల) వానల్లో బూజు కూడా పడుతుంది. కత్తిని విడిగా, కొంచెం కొబ్బరినూనో మినరల్ ఆయిలో రాసి కాగితంలో చుట్టి పెట్టండి, ఒరని వేరేగా వేలాడదీయండి.

ఒర పాడైనా దిగులు పడక్కర్లేదు, చెన్నైలో ఉన్నందుకు అదొక లాభం. పెరియమేట్ వెళ్తే తోలు షాపులే షాపులు. క్రోమియం రసాయనాలతో శుద్ధి చేసిన క్రోమ్ తోలు కాకుండా చెట్ల బెరడుతో శుద్ధి చేసిన మందపాటి తోలు అడగండి. తమిళనాడు తోలుకి ఒకప్పుడు విదేశాల్లో పేరు తెచ్చింది తంగేడు బెరడే. కత్తి వెంట తీసుకెళ్లి కొలత ఇస్తే కుట్టి ఇచ్చేవాళ్లు ఉన్నారు, కుట్టు వైపు అంచు తగిలే చోట అదనంగా ఒక తోలు పట్టీ వేయించడం మర్చిపోవద్దు, లేకపోతే కత్తి దారాన్ని కోసేస్తుంది.

పాతదీ వద్దు, మామూలు కొత్తదీ వద్దు అనేవాళ్ల కోసం ఎస్35వీఎన్ ఉక్కుతో, మైకార్టా (రెసిన్‌లో తడిపి అదిమిన గుడ్డ పొరలు) పిడితో 119 ప్రో కూడా ఉంది. లోహపు పొడితో చేసిన ఉక్కు అది, పలుకులు సన్నగా, సమంగా ఉంటాయి, వనేడియం కూడా ఉండడంతో పదును మూడింటిలోకీ బాగా నిలుస్తుంది. మైకార్టా చెమట చేతికి కూడా పట్టు ఇస్తుంది. డబ్బు ఇబ్బంది లేక, ఇంట్లో డైమండ్ ప్లేటు ఉంటే అదే కొనండి, నాకైతే రోజువారీ పనికి అంత అక్కర్లేదు.

పాతదే కావాలని మనసు పడితే ఫోటోల్లో మూడు చోట్ల చూడండి. మొన వంపు కొనదేలి ఉందా, ఎవరైనా విరిగిన మొనని అరగదీశారా. బ్లేడు వెడల్పు కొత్తదాని పక్కన పెట్టి చూస్తే ఎంత తగ్గింది. అడ్డుకీ పిడికీ మధ్య సందు ఉందా, ఉంటే నీళ్లు లోపలికి పోయి కమ్మీ తుప్పు పట్టి ఉండొచ్చు, అది బయటికి కనపడదు. ఈ మూడూ బాగుండి, ధర కొత్తదాని చుట్టుపక్కలే ఉంటే తీసుకోండి. తాతలనాటి కత్తి ఇంట్లోనే ఉంటే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు, శుభ్రం చేసి వాడుకోండి.

ఇంకో మాట, కొలత గురించి. దీన్ని జింకల వేట చేసే అమెరికావాళ్ల కోసం తయారుచేశారు. మన దగ్గర 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వల్ల ఇప్పుడు వేట మాటే లేదు, కాబట్టి ఆరంగుళాలు నిజానికి ఎక్కువే. వంటకీ క్యాంపుకీ ఒకటే చాకు కావాలనుకుంటే ఇదే కుటుంబంలో ఐదంగుళాల 105 పాత్‌ఫైండర్, నాలుగంగుళాల 102 వుడ్స్‌మన్ ఉన్నాయి, నేనైతే 105 వైపు మొగ్గుతాను. చట్టం ప్రకారం చూస్తే, 2016 ఆయుధ నియమాల్లో బ్లేడు తొమ్మిది అంగుళాల కన్నా పొడుగు గానీ, రెండంగుళాల కన్నా వెడల్పు గానీ ఉన్న కత్తుల్ని ఆయుధాల జాబితాలో పెట్టారు, ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి తప్ప. 119 బ్లేడు ఆ కొలత లోపలే ఉంది. అలాగని నడుముకి కట్టుకుని మెరీనాలో తిరగమని కాదు, బండిలో తీసుకెళ్లాల్సి వస్తే ఒరలో పెట్టి, సామాను సంచి అడుగున, వంట గిన్నెలతో పాటే పెట్టండి. విమానంలో అయితే చెక్-ఇన్ లగేజీలోనే, మొన దగ్గర అట్ట చుట్టి.