కుళాయి మూతికి బిగించే ఏరేటర్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

నీళ్లు పొదుపు చేసే సామాన్లలో ఒక్కటే కొనమంటే ఏరేటర్ కొనమంటాను. అంటే కుళాయి మూతికి బిగించే చిన్న జల్లెడ బిళ్ల, నీళ్లలో గాలి కలిపి ధార తగ్గిస్తుంది. అలాగని ఇంట్లో ప్రతి కుళాయికీ బిగించుకోమని మాత్రం చెప్పను. కుళాయి తిప్పి కింద చేతులు పెట్టేచోట దీనికి సాటి లేదు. బకెట్ పెట్టేచోట దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

ఎందుకంటే పది లీటర్ల బకెట్ నిండడానికి పది లీటర్లూ కావాల్సిందే. ధార సన్నబడితే నిండడం ఆలస్యమవుతుందంతే. అదే చేతులు కడుక్కునేటప్పుడో గిన్నెలు తొలిచేటప్పుడో ఎన్ని నీళ్లు పోతున్నాయో ఎవరూ చూడరు, సబ్బు వదిలేదాకా కుళాయి తిప్పే ఉంచుతారు. అక్కడ ధార తగ్గితే తగ్గినంతా మిగిలినట్టే.

ఎంత మిగులుతుందో చూడాలంటే ఒక లీటరు జగ్గు, సెకన్ల ముల్లున్న గడియారం చాలు. మా వాష్‌బేసిన్ కుళాయి పూర్తిగా తిప్పితే ఇదివరకు జగ్గు 5 సెకన్లలో నిండేది. అంటే నిమిషానికి 12 లీటర్లు. ఏరేటర్ పెట్టాక 15 సెకన్లు పడుతోంది, అంటే నిమిషానికి 4 లీటర్లు. చేతికి మాత్రం నీళ్లు తగ్గినట్టు అనిపించదు. లోపలి సన్నటి రంధ్రాల్లోంచి నీళ్లు వేగంగా దూకుతూ పక్క సందుల్లోంచి గాలిని లాక్కుంటాయి. ఆ గాలి కలిసి ధార తెల్లగా, మెత్తగా, లావుగా పడుతుంది. చుట్టూ చిందడం కూడా బాగా తగ్గింది.

నాకు అన్నిటికన్నా నచ్చిన లాభం వేడినీళ్ల దగ్గర కనిపించింది. 10 లీటర్ల నీళ్లను 30 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు 0.35 యూనిట్ల కరెంటు కావాలి. కాబట్టి వేడినీళ్ల ధార తగ్గితే నీళ్లతోపాటు వాటిని కాచిన కరెంటో గ్యాసో కూడా మిగులుతుంది. ఇంట్లో ఒకే కుళాయికి పెట్టుకోవాలనుకుంటే దానికే పెట్టండి. ఒక ఇబ్బంది ఉంది. గీజర్ నుంచి కుళాయిదాకా పైపులో నిలిచిన చల్లటి నీళ్లు ఎలాగూ బయటికి రావాలి, ధార సన్నమైతే వేడినీళ్ల కోసం మరికాస్త సేపు ఆగాలి. ఆ చల్లటి నీళ్లను చెంబులో పట్టి మొక్కలకు పోయడం మా ఇంట్లో అలవాటైపోయింది. ఇంకోటి, నీళ్లు పారుతుంటేనే వెలిగే ఇన్‌స్టంట్ గీజర్లలో కొన్ని ధార మరీ తగ్గితే అసలు వెలగవు. కొనేముందు మీ గీజర్‌కు కనీసం ఎంత ధార కావాలో చూసుకోండి.

వంటింటి సింకుకు మరీ సన్నటి రకం తీసుకోకండి. అడుగంటిన గిన్నె మీద నీళ్ల తాకిడి లేకపోతే ఎక్కువసేపు కడగాల్సి వచ్చి, మిగిలిందంతా అక్కడే పోతుంది. నిమిషానికి 6 లీటర్లిచ్చేది సరిపోతుంది. చేతులు కడుక్కునే చోట 3, 4 లీటర్లు చాలు. ట్యాంకు ఎత్తు తక్కువై ధార ముందే నీరసంగా ఉంటే మామూలు రకాలు సరిగ్గా పనిచేయవు. కుళాయికి పైన 10 మీటర్ల ఎత్తున నీళ్లుంటేనే ఒక బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఒత్తిడి వస్తుంది, ఒక అంతస్తు మీది ట్యాంకుకు అంత ఒత్తిడి ఉండదు.

ఇక దీంతో ఉన్న అసలు తలనొప్పి శుభ్రం చేయడం. నీళ్లలో సున్నం ఎక్కువుంటే జల్లెడ మీద తెల్లటి గార కడుతుంది. ధార ఒక పక్కకి వంకరగా చిమ్మిందంటే విప్పాల్సిన వేళ అయిందన్నమాట. విప్పి చూస్తే ఇసుక రేణువులు, పైపు కీళ్లకు చుట్టిన టెఫ్లాన్ టేపు పోగులు, ఒక్కోసారి జారుడు పొర కూడా కనిపిస్తాయి. ఆ పొరలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి కాబట్టి ధార బాగానే ఉన్నా అప్పుడప్పుడూ విప్పి కడగాల్సిందే. వెనిగర్‌లో కాసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే గార ఊడిపోతుంది. జల్లెడ, ప్లాస్టిక్ బిళ్ల, రబ్బరు వాషర్ ఏ వరసలో ఉన్నాయో విప్పేటప్పుడే ఫొటో తీసి పెట్టుకోండి. వాషర్ గట్టిపడితే మర బిగించినచోట చుక్కలు కారతాయి. అప్పుడు వాషర్ ఒక్కటి మారిస్తే చాలు, ఏరేటర్ మొత్తం పారేయనక్కర్లేదు.

కొనేటప్పుడు కుళాయి మూతికి మరలు లోపలున్నాయో బయటున్నాయో చూసుకోండి. మామూలుగా కుళాయికి లోపలి మరలుంటే 24 మిల్లీమీటర్లది, బయటి మరలుంటే 22 మిల్లీమీటర్లది సరిపోతుంది. పైన ప్లాస్టిక్ తొడుగున్నది చవకే గానీ, గార పట్టి బిగుసుకున్నాక పానా వేసి తిప్పితే పగులుతుంది. నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇత్తడిదే తీసుకోండి.