స్నోమెడ్ సీటీ మూడేళ్ళు వాడాక: కోడ్లు మంచివే, తంటా అంతా సెర్చ్ బాక్స్‌తోనే

మా హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌లో స్నోమెడ్ సీటీ, అంటే ప్రతి జబ్బుకీ, బాధకీ ఒక కోడ్ నంబర్ ఇచ్చే వైద్య పదాల జాబితా, పెట్టి మూడేళ్ళు దాటింది. ఓపీలో కూర్చునే డ్యూటీ డాక్టర్‌ని, మొదటి నెలంతా తిట్టుకుంటూనే వాడా, ఇప్పుడు తీసేస్తామంటే మాత్రం గొడవ పెట్టుకుంటా.

పాత రికార్డుల్లో ఒకరు షుగర్ అని, ఒకరు డీఎం (డయాబెటిస్ మెల్లిటస్) అని, మా సీనియర్ టీ2డీఎం (టైప్ 2 డయాబెటిస్) అని ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టేవాళ్ళు, ఏడాదికి ఎంతమంది షుగర్ పేషెంట్లు వచ్చారో చెప్పమంటే మెడికల్ రికార్డ్స్ వాళ్ళు తలలు పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు 73211009 అని డయాబెటిస్ కోడ్ ఇస్తే టైప్ 1, టైప్ 2, ప్రెగ్నెన్సీలో వచ్చేది అన్నీ దాని కింద నుంచి వచ్చేస్తాయి. హార్ట్ ఎటాక్ అని కొట్టినా మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ అని కొట్టినా 22298006కే పోతుంది. ఇన్సూరెన్స్‌కి ఐసీడీ-10 అనే జబ్బుల కోడ్ల జాబితా ఎలాగూ ఉంది, కానీ పేషెంట్ చెప్పిన బాధ రాసుకోడానికి ఇదే నయం.

అయితే మన పేషెంట్ల మాట దానికి తెలీదు కదా. ఒక పెద్దాయన "గ్యాస్ పట్టేసిందమ్మా" అంటే మా సిస్టర్ గ్యాస్ అని కొట్టి, పైన కనిపించిన ఫ్లాటులెన్స్ (కడుపులో గ్యాస్) నొక్కేసింది, ఆయన చెయ్యి పెట్టి చూపిస్తోంది ఛాతీ మధ్యలో! చెస్ట్ పెయిన్ 29857009కి మార్చి ఈసీజీ తీయించా. నార్మలే వచ్చింది, బతికించాడు.

అన్నిటికంటే చిరాకు డెంగీ. కాగితం మీదైతే పక్కన క్వశ్చన్ మార్క్ పెట్టేవాళ్ళం, ఇక్కడ డెంగీ సెలెక్ట్ చేస్తే డెంగీయే. టెస్ట్ నెగెటివ్ వచ్చిన పిల్లాడు ఆరు నెలలకి దగ్గుతో వస్తే హిస్టరీలో డెంగీ అని ఉంది, వాళ్ళమ్మ "మావాడికి డెంగీ ఎప్పుడొచ్చిందండీ?" అంది, నేనేం చెప్పను. నిజానికి స్నోమెడ్‌లో అనుమానం అని రాసే ఏర్పాటు ఉంది, తండ్రికి షుగర్ ఉంటే దానికి వేరే కోడ్, 160303001. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళే స్క్రీన్ మీద పెట్టలేదు. పైగా కొటేషన్‌లో స్నోమెడ్ లైసెన్సుకని ఒక లైన్ వేశారు, స్నోమెడ్ నడిపే అంతర్జాతీయ సంస్థలో ఇండియా 2014లోనే మెంబర్ అయింది, ఇక్కడ ఫ్రీ బాబూ, పుణేలో ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్‌లో ఉన్న ఎన్‌ఆర్‌సీఈఎస్ అనే హెల్త్ రికార్డుల ప్రమాణాల కేంద్రంలో రిజిస్టర్ అయితే ఇస్తారు. అది చూపించాక ఆ లైన్ మాయం.

ఇప్పుడు గుండె దడ, తిమ్మిర్లు, ఆయాసం లాంటి మన మాటలు ఓ నలభై కోడ్లకి కట్టుకుని వాడుతున్నాం. కళ్ళు తిరగడం దగ్గరే ఆగిపోయాం, వర్టిగో అని నేను, డిజ్జీనెస్ అని మా ఫిజీషియన్ సార్, తేలక చివరికి పేషెంట్‌నే అడుగుతున్నాం, గది తిరుగుతోందా మీరు తూలుతున్నారా అని.