ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నెట్ సెంటర్: పని బాగుంది, లా క్లాసు ఫ్రీ

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దాటాక సందులో ఉంటది, పేరు రాయను గాని లా పాయింట్లు మాటాడే మావయ్య షాపు ఏదంటే చూపించేస్తారు. జెరాక్సులు, ప్రింట్లు, పరీక్షల అప్లికేషన్లు అన్నీ చేస్తాడు, స్కానింగ్ కొంచెం మసక, మళ్ళీ చెయ్యమంటే మాత్రం విసుక్కోడు.

మా బావని పైడిభీమవరం వైపు ఒక కంపెనీలో తీసేశారు. ఈఎస్ఐ అంటే ఉద్యోగుల బీమా, అందులో పని పోయినోళ్ళకి కొన్నాళ్ళు డబ్బులిచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన అని ఒకటుందని మాకెవరూ చెప్పలేదు, ఈయనే చెప్పాడు. 2018లో పెట్టినప్పుడు జీతంలో 25 శాతం ఇచ్చేవారంట, కరోనా టైంలో 50 చేశారు, గరిష్ఠంగా 90 రోజులు, అదీ జీవితంలో ఒక్కసారే. కంప్యూటర్ ముట్టుకోకముందే అడిగిన మాట "ఏటి బాబూ, వాళ్ళు తీసేశారా, ఏదైనా తప్పు మీద పంపేశారా?" ఎందుకంటే తప్పు చేసి పోయినోడికీ, వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్నోడికీ ఇది రాదు. ఇలగ ముందే అడిగేవాడు ఎక్కడున్నాడు చెప్పండి.

అక్కడితో ఆగితే బాగుండు. పక్క కుర్చీలో గ్రూప్స్ రాసే కుర్రాడు 2018లో యువనేస్తం అని నెలకి వెయ్యి నిరుద్యోగ భృతి ఇచ్చారు, 2024 ఎన్నికల్లో మూడు వేలు అన్నారు, మాకేది అని మొదలెట్టాడు, వెనకాల పెద్దాయన ఊరికే డబ్బులిస్తే ఎవడు పని చేస్తాడు అని, ఇక షాపు షాపంతా అసెంబ్లీ. నాకైతే రెండూ ఒకటి కాదు, బావది అతని జీతంలోంచి నెలనెలా 0.75 శాతం కోసిన బీమా, దాన్ని భృతితో కలిపేసి సోమరితనం అంటే ఎలగ? కానీ మావయ్య వేసిన ప్రశ్న మాత్రం గట్టిది, పలాసలో జీడిపిక్కలు ఒలిచే మనిషికి ఈఎస్ఐ కార్డే లేకపోతే పని పోయిన రోజు ఏ చట్టం ఆదుకుంటది? ఎవరూ మాటాడలేదు.

రెండో పని అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు ఇక్కడి బిడ్డని దత్తత తీసుకోడం గురించి, దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్. ఇంకో చోట అడిగితే డబ్బులు తెచ్చుకోండి పెట్టేస్తాం అన్నారు. ఈయన రూపాయి తీసుకోలేదు, ఎన్‌ఆర్‌ఐ అయితే అక్కడ గుర్తింపు ఉన్న ఏజెన్సీ ద్వారానే రావాలమ్మా, ఇక్కడ నొక్కితే అవదు అని పంపేశాడు. పాస్‌పోర్ట్ ఇండియాదే కదా, వరసలో ఇక్కడోళ్ళతో సమానంగానే చూస్తారు అని ధైర్యం కూడా చెప్పాడు.

దానికీ వాదనే. పెద్దాయన చైనా 2024లో ఆపేసింది, మనమూ ఫారిన్ దత్తతలు ఆపెయ్యాలి అన్నాడు. ఆపేస్తే ఇక్కడ ఎవరూ తీసుకోని, వైద్యం కావాల్సిన పిల్లల గతేటి అని నేనడిగాను, అలాంటోళ్ళని తీసుకెళ్ళేది చాలామట్టుకు బయటి దేశాలోళ్ళే. 2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఆర్డర్ కోర్టు బదులు కలెక్టర్ ఇస్తున్నారు, అది మావయ్యకి నచ్చదు, కలెక్టర్‌కి వంద పనులు అంటాడు. కోర్టు వాయిదాలు చూసినోళ్ళెవరూ ఆ మాట అనరు!

నాలుగు స్టార్లు. తొందరుంటే పొద్దున్న షాపు తీయగానే ఎళ్ళండి, సాయంత్రం ఎళ్తే ఫారం కన్నా చర్చే ఎక్కువ. బండి మెయిన్ రోడ్డు మీదే పెట్టండి, సందులో ఆటో వస్తే తిప్పడానికి లేదు.