తిరుపతిలో డాకర్ రిజిస్ట్రీ పెట్టించుకునేవాళ్లు ఇది చదివాకే డబ్బులివ్వండి

కోపం ఇంకా తగ్గలేదు. అయినా ఈ రాత్రే రాస్తున్నాను, రేపు మీలో ఎవరో ఒకరు అదే మనిషికి అడ్వాన్స్ పంపేస్తారేమోనని భయం. మన ఊర్లో చిన్న కంపెనీలకు సర్వర్లు సెట్ చేసి ఇచ్చే ఆయన గురించి. పేరు రాయను, ఈ పనిలో ఉన్నవాళ్లకు ఎవరో అర్థమవుతుంది.

మాది లాడ్జీలకు రూమ్ బుకింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. బస్టాండు చుట్టుపక్కల, లీలామహల్ సర్కిల్ వైపు కొన్ని లాడ్జీల్లో నడుస్తోంది. దాన్ని డాకర్ అనే టూల్‌తో ఇమేజ్ అనే ప్యాకెట్‌గా కట్టి లాడ్జీల మెషీన్లకు పంపుతాం; ఆ ఇమేజ్‌లు దాచిపెట్టే చోటే రిజిస్ట్రీ. అందరూ వాడే రిజిస్ట్రీ డాకర్ హబ్‌లో 2020 నవంబరు నుంచి ఉచిత పుల్స్‌కి, అంటే దించుకోవడానికి, పరిమితి ఉంది, పైగా మా కోడ్ మా దగ్గరే ఉండాలి. అందుకే సొంత రిజిస్ట్రీ కావాలన్నాం. కొటేషన్‌లో "ప్రైవేట్, సెక్యూర్డ్ రిజిస్ట్రీ" అని రాసింది ఆయనే. ముప్పావు వంతు డబ్బు ముందే తీసుకున్నాడు.

మొన్న శనివారం సాయంత్రం ఒక్కో లాడ్జీ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. బిల్లు రావడం లేదు, స్క్రీన్ తిరుగుతూనే ఉంది. శనివారం సాయంత్రం తిరుపతిలో లాడ్జీ కౌంటర్ ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? పిల్లల్ని, ముసలివాళ్లను వెంటబెట్టుకుని జనం లగేజీతో నిలబడి ఉన్నారు, మేనేజర్లు మమ్మల్ని తిడుతున్నారు. సర్వర్‌లోకి వెళ్లి, ఏ ప్రోగ్రామ్ ఎంత వాడుతోందో చూపే టాప్ కమాండ్ కొట్టి చూస్తే సీపీయూ మొత్తాన్ని ఎక్స్ఎంరిగ్ అనే ప్రాసెస్ తినేస్తోంది. క్రిప్టో మైనర్, అంటే మన మెషీన్ వాడుకుని ఎవడికో క్రిప్టో కరెన్సీ సంపాదించే ప్రోగ్రామ్! మా కంటెయినర్ (నడుస్తున్న ఇమేజ్) లోపల! ఇమేజ్‌లో ఏమేం పొరలున్నాయో చూపే డాకర్ హిస్టరీ తీస్తే, మేము ఇమేజ్ కట్టే డాకర్‌ఫైల్‌లో ఎక్కడా లేని లేయర్ (పొర) ఒకటి అన్నిటికన్నా పైన ఉంది. ఎవడో మా ఇమేజ్‌ని దించుకుని, మైనర్ కలిపి, మా 'లేటెస్ట్' ట్యాగ్ (ఇమేజ్ పేరుకి తగిలించే గుర్తు) మీదే తిరిగి పుష్ చేశాడు, అంటే రిజిస్ట్రీలోకి ఎక్కించాడు. కొత్త ఇమేజ్ వస్తే దానంతటదే దించుకునే ఏర్పాటు కూడా ఈయన చేసిందే కాబట్టి, అన్ని లాడ్జీలకూ అదే వెళ్లింది.

ఎలా పుష్ చేయగలిగాడు? రిజిస్ట్రీకి పాస్‌వర్డే లేదు. డాకర్ వాళ్ల రిజిస్ట్రీ ఇమేజ్‌ని ఉన్నదున్నట్టు నడిపితే లాగిన్ అడగదు, ఆ ఏర్పాటు మనం చేసుకోవాలి. ఈయన దాన్ని 5000 పోర్టులో పబ్లిక్ ఐపీ మీద నడిపి వదిలేశాడు. కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే సర్టిఫికెట్ లేదు కాబట్టి ప్రతి లాడ్జీ మెషీన్‌లో డాకర్ సెట్టింగ్స్ ఉండే డీమన్ జేసన్ ఫైలు తెరిచి, ఇన్‌సెక్యూర్ రిజిస్ట్రీస్ (సర్టిఫికెట్ లేకపోయినా ఒప్పుకునేవి) కింద మా ఐపీ రాసిపెట్టాడు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితంగా వస్తుంది. దానికి కూడా బద్ధకమే.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇది కాదు. పని అప్పగించే రోజు ఫైర్‌వాల్ ఉందా అని సూటిగా అడిగాను. నా ఎదురుగానే లినక్స్ ఫైర్‌వాల్ టూల్ యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్ కొట్టి, 5000 ఎదురుగా డినై అని ఉన్న లైన్ మీద వేలు పెట్టి చూపించి, "చూడన్నా, బయటోడు ఎవడూ రాలేడు" అన్నాడు. డాకర్ పబ్లిష్ చేసిన (బయటికి తెరిచిన) పోర్టుకి దాని ఐపీటేబుల్స్ రూల్స్, అంటే లినక్స్ అసలు ఫైర్‌వాల్ రూల్స్, అదే రాసుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూలో డినై అని ఉన్నా ఆ పోర్టు తెరిచే ఉంటుంది. రోజూ ఇదే పని చేసే మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను. తాళం వేశానని చెప్పి గొళ్లెం కూడా పెట్టకుండా వెళ్లిపోయాడు.

శనివారం రాత్రి ఫోన్ చేస్తే ఆయన అన్నమాట ఇది: "మీరు రిజిస్ట్రీ అడిగినారు, పెట్టిచ్చినా గదన్నా. సెక్యూరిటీ వేరే ప్యాకేజీ. ఇంకో పదివేలు పంపితే పాస్‌వర్డ్ పెట్టిస్తా." కొటేషన్ ఫొటో పంపాను. చూశాడు, ఫోన్ కట్ చేశాడు. కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉన్నప్పుడు బేరం ఆడాడు చూడండి, అది నేను మర్చిపోను. ఒక లాడ్జీ ఓనర్ సోమవారమే మా సాఫ్ట్‌వేర్ తీసేయించాడు. మా కోడ్ ఎంతమంది దగ్గరికి వెళ్లిందో తేల్చలేకపోతున్నాం. డేటాబేస్ పాస్‌వర్డ్‌లు, పేమెంట్ కీలు అన్నీ మార్చేశాం.

మీరు ఎవరితో పెట్టించుకున్నా, మిగతా డబ్బు ఇచ్చే ముందు ఒక్క పని చేయండి. ఆఫీసు వైఫై ఆపి, ఫోన్‌లో మొబైల్ డేటా మీద రిజిస్ట్రీ అడ్రస్ కొట్టి, చివర స్లాష్, వీ2, మళ్లీ స్లాష్, అండర్‌స్కోర్, దానికి ఆనించి కేటలాగ్ (catalog) అని కొట్టండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడగాలి, లేదా అసలు తెరుచుకోకూడదు. మీ ఇమేజ్‌ల పేర్లు కనిపించాయంటే రూపాయి కూడా ఇవ్వకండి. పాస్‌వర్డ్‌లు ఉండే హెచ్‌టీపాస్‌వర్డ్ ఫైలు బీక్రిప్ట్ అనే హాష్ పద్ధతిలో ఉండాలి, రిజిస్ట్రీ 127.0.0.1 మీదే, అంటే ఆ సర్వర్ లోపలి నుంచి వచ్చేవాళ్లకే వినాలి, దాని ముందు ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ సర్టిఫికెట్‌తో నిలబడాలి. లాడ్జీల వైపు లేటెస్ట్ ట్యాగ్ మానేసి డైజెస్ట్‌తో (ఇమేజ్ లోపలి సరుకు బట్టి వచ్చే వేలిముద్ర లాంటి కోడ్) పుల్ చేయించండి, అప్పుడు ట్యాగ్ మీద ఎవడు ఏం పుష్ చేసినా మీ మెషీన్లకు రాదు.

మిగిలిన పావు వంతు డబ్బు కోసం ఆయన నుంచి ఇవాళ కూడా మెసేజ్ వచ్చింది. ఇవ్వడం లేదు.